ఫర్నేసు లేకుండా ఒంటరి ఇనుప పరమాణువులు: ఫ్యూయెల్ సెల్ ఉత్ప్రేరకం ప్రాజెక్టు డైరీ

చేస్తున్న పని ఇది: కార్బన్ పొడి మీద ఇనుమును ఒక్కొక్క పరమాణువుగా విడివిడిగా నిలబెట్టి, ఫ్యూయెల్ సెల్‌లో ఆక్సిజన్ వైపు ప్లాటినం బదులు వాడటం. మామూలు పద్ధతిలో ఇనుప లవణాన్ని, నత్రజని ఉన్న పదార్థాన్ని, కార్బన్‌ను కలిపి ఆర్గాన్ వాయువులో 900 డిగ్రీల పైన కాలుస్తారు. ఆ వేడికి ఇనుప పరమాణువులు కదిలి ఒకచోట చేరి రేణువులవుతాయి, కొంత కార్బైడ్‌గా మారుతుంది. తర్వాత ఆసిడ్‌తో ఆ చెత్తంతా తీసేయాలి. మా ల్యాబ్‌లో ఆర్గాన్‌తో నడిచే ట్యూబ్ ఫర్నేసు లేదు. అందుకే ఇనుము ముందే నాలుగు నత్రజని పరమాణువుల మధ్య కూర్చుని ఉన్న ఐరన్ థాలోసయనిన్‌ను (ఇకమీద 'థాలో') కొని, దాన్ని కార్బన్ మీద పరుస్తున్నాం. ఎక్కడా 100 డిగ్రీలు దాటకుండా.

ఈ అణువుల కుటుంబం కొత్తది కాదు. క్షార ద్రావణంలో కోబాల్ట్ థాలోసయనిన్ ఆక్సిజన్‌ను క్షయకరణం చేస్తుందని జసిన్‌స్కీ 1964లోనే చూపించాడు. 2011లో చైనాలోని డాలియన్ నుంచి జాంగ్ టావో బృందం ఐరన్ ఆక్సైడ్ మీద ఒంటరి ప్లాటినం పరమాణువులను చూపించాక ఈ రంగానికి ఊపొచ్చింది. ఎవరైనా ఇదే పని మొదలుపెడితే మాకు పట్టిన సమయం పట్టకూడదని ఈ డైరీ.

దశ 0: కొలిచే సామాను

పొడి తయారీకి ముందు కొలత సరిచేసుకోవాలి. దీన్ని దాటేసి ముందుకెళితే తర్వాత వచ్చే ఏ అంకెనూ నమ్మలేం.

1. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (వోల్టేజిని దీనితో పోల్చి కొలుస్తాం). మొదట సిల్వర్/సిల్వర్ క్లోరైడ్ పెట్టాం. 0.1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉదయం రీడింగుకీ సాయంత్రం రీడింగుకీ 20 మిల్లీవోల్ట్‌ల తేడా వచ్చింది. క్షారం ఎలక్ట్రోడ్ కొసన ఉన్న పోరస్ గాజులోకి ఎక్కుతుంది, లోపలి క్లోరైడ్ బయటికి కారుతుంది. మెర్క్యురీ/మెర్క్యురిక్ ఆక్సైడ్‌కు మారాం. అదే ద్రావణంలో హైడ్రోజన్ బుడగలు పంపి ప్లాటినం తీగతో సరిచూస్తే, ఆర్‌హెచ్‌ఈకి (హైడ్రోజన్ ఎలక్ట్రోడ్‌ను సున్నాగా తీసుకునే వోల్టేజి స్కేలు) మార్చేందుకు కలపాల్సిన విలువ 0.87 వోల్ట్‌ల దగ్గర వచ్చింది. పుస్తకంలో సూత్రం ఉంది కదా అని ఈ పని మానకండి. లోపల పోసిన ద్రావణం గాఢత బట్టి ఆ విలువ మారిపోతుంది.
2. కౌంటర్ ఎలక్ట్రోడ్ (కరెంటు దారిని పూర్తిచేసే రెండో కొస). ప్లాటినం తీసేసి గ్రాఫైట్ కడ్డీ పెట్టాం. ప్లాటినం కొద్దికొద్దిగా కరిగి మన ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటే 'ప్లాటినం లేని ఉత్ప్రేరకం' బ్రహ్మాండంగా పనిచేస్తుంది మరి.
3. పాత్ర. గాజు పాత్ర బదులు టెఫ్లాన్. క్షారం గాజును తింటుంది.
4. ద్రావణ నిరోధం. మా సెల్‌లో 45 ఓమ్‌లు. గరిష్ఠ కరెంటులో సగం దగ్గర దాదాపు 0.56 మిల్లీఆంపియర్లు పారుతుంది, అంటే 25 మిల్లీవోల్ట్‌లు. రెండు పొడుల మధ్య తేడానే అంత ఉంటుంది కాబట్టి సరిదిద్దకుండా పోల్చకూడదు.

మేము వాడేది ద్రావణంలో తిరిగే ఎలక్ట్రోడ్: 5 మి.మీ. గ్లాసీ కార్బన్, వైశాల్యం 0.196 చ.సెం.మీ. ఇంకు: 5 మి.గ్రా. పొడి, 960 మైక్రోలీటర్ల నీళ్లు–ఐసోప్రొపనాల్ మిశ్రమం, 40 మైక్రోలీటర్ల 5% నాఫియాన్ (పొడిని అంటించే పాలిమర్). అందులోంచి 10 మైక్రోలీటర్లు ఎలక్ట్రోడ్ మీద. అంటే చ.సెం.మీ.కు 0.255 మి.గ్రా. పొడి. 1600 ఆర్‌పీఎం దగ్గర ఆక్సిజన్ పూర్తిగా క్షయకరణమయ్యే నాలుగు ఎలక్ట్రాన్ల దారి అయితే సైద్ధాంతికంగా చ.సెం.మీ.కు 5.7 మిల్లీఆంపియర్లు రావాలి, పెరాక్సైడ్ దగ్గరే ఆగిపోయే రెండు ఎలక్ట్రాన్ల దారి అయితే అందులో సగం. కొలిచే తిరుగుడు వేగాలు 400, 625, 900, 1225, 1600. వర్గమూలాలు 20, 25, 30, 35, 40 వస్తాయి, గ్రాఫు గీయడం తేలిక.

దశ 1: నానోట్యూబులు

అందరూ వాడుతున్నారని మల్టీవాల్ కార్బన్ నానోట్యూబులతో మొదలుపెట్టాం. 200 మి.గ్రా. ట్యూబులు, 60 మి.గ్రా. థాలో, 40 మి.లీ. డీఎమ్‌ఎఫ్ (డైమిథైల్ ఫార్మమైడ్ అనే ద్రావణి), సోనికేటర్ (అల్ట్రాసౌండ్‌తో కలిపే యంత్రం). హాఫ్‌వేవ్ (గరిష్ఠ కరెంటులో సగం వచ్చే వోల్టేజి, ఎంత ఎక్కువైతే అంత మేలు) 0.85 వోల్ట్‌లు. అంకె బాగుంది. కానీ థాలో కలపని ఉత్త ట్యూబులను కొలిస్తే అవే 0.73 ఇచ్చాయి. కార్బన్ ఒక్కటే ఇవ్వాల్సినదానికంటే ఇది ఎక్కువ.

కొన్ని ట్యూబులను గాలిలో కాల్చి బూడిద చూశాం. ఎర్రమట్టి రంగు. నానోట్యూబులను పెంచేటప్పుడు చాలాసార్లు ఇనుమునే ఉత్ప్రేరకంగా వాడతారు, ఆ ఇనుము ట్యూబుల్లోనే మిగిలిపోతుంది. బూడిద బరువు ట్యూబుల బరువులో 2 శాతం దాకా ఉంది. మేము కలిపే ఇనుముతో పోలిస్తే ఇది చిన్న పాలేమీ కాదు! ఏది మనది, ఏది కంపెనీది అని తేల్చడం అసాధ్యం. ట్యూబులను ఆసిడ్‌లో కడిగినా, గోడల లోపల ఇరుక్కున్నది పూర్తిగా రాదు.

మార్పు: ట్యూబులు వదిలేసి వల్కన్ అనే రకం కార్బన్ బ్లాక్ (సన్నటి మసి పొడి). బూడిద దాదాపు లేదు. ఉత్త కార్బన్ హాఫ్‌వేవ్ 0.66. స్టీలు గరిటెలు కూడా పక్కన పెట్టి ప్లాస్టిక్‌వి తెచ్చాం.

ఇప్పటిదాకా: కార్బన్ 200 మి.గ్రా., థాలో 60 మి.గ్రా., డీఎమ్‌ఎఫ్ వ్యర్థం 140 మి.లీ., పనికొచ్చే పొడి 0.

దశ 2: ఎంత పడుతుంది

అదే పాళ్లు కార్బన్ బ్లాక్‌తో: 200కి 60. ఈ పొడి పేరు 'ఎ'. హాఫ్‌వేవ్ 0.84. ఎక్స్‌ఆర్‌డీలో (స్ఫటికాలను పట్టే ఎక్స్-రే కొలత) 7 డిగ్రీలు, 9 డిగ్రీల దగ్గర పదునైన శిఖరాలు. అవి థాలో స్ఫటికాలవి. అంటే అణువులు కార్బన్ మీద పరుచుకోలేదు, ఒకదానిమీద ఒకటి పేర్చుకుని కూర్చున్నాయి. దొంతరలో లోపలున్న ఇనుముకు ఆక్సిజన్ అందదు, కరెంటూ సరిగా అందదు.

ఇక్కడ కాగితం మీద ఒక లెక్క వేశాం. చదివేవాళ్లు పని మొదలుపెట్టే ముందే వేసుకోవాల్సిన లెక్క ఇది:

1. వల్కన్ కార్బన్ ఉపరితలం గ్రాముకు సుమారు 240 చ.మీ.
2. పడుకోబెట్టిన ఒక థాలో అణువు సుమారు 2 చదరపు నానోమీటర్ల చోటు తీసుకుంటుంది.
3. 240 చ.మీ.లో ఒక్క పొరగా పట్టే అణువులు 1.2 × 10²⁰, అంటే 0.2 మిల్లీమోల్.
4. థాలో అణుభారం 568. కాబట్టి గ్రాము కార్బన్‌కు 113 మి.గ్రా.
5. మా 200 మి.గ్రా. కార్బన్‌కు పట్టేది ఎంత పొదుపుగా సర్దినా 22 మి.గ్రా. మేము పోసింది 60.

సన్నటి రంధ్రాల్లోకి ఈ పెద్ద అణువు దూరదు కాబట్టి నిజంగా పట్టేది ఇంకా తక్కువే. అయినా చూద్దామని 20 మి.గ్రా.తో 'బి' చేశాం. హాఫ్‌వేవ్ 0.872కి ఎగిరింది, కానీ ఎక్స్‌ఆర్‌డీలో 7 దగ్గర చిన్న మొటిమ ఇంకా ఉంది.

'బి' చేస్తున్నప్పుడు సోనికేటర్ విషయం బయటపడింది. బాత్‌లో నీళ్లు గది ఉష్ణోగ్రత నుంచి 50 డిగ్రీలు దాటాయి. మే నెల కావడంతో గదే ఉడికిపోతోంది. వేడి డీఎమ్‌ఎఫ్‌లో థాలో ఎక్కువ కరుగుతుంది, చల్లారేటప్పుడు ఆ ఎక్కువంతా స్ఫటికాలుగా పడుతుంది. ఐసు వేసి, పది నిమిషాలు ఆన్, ఐదు నిమిషాలు ఆఫ్ పద్ధతికి మారాం. 30 డిగ్రీలు దాటనివ్వడం లేదు.

జూనియర్ ఒకడు పైన తేరిన ద్రావణం చూసి అడిగాడు: "అన్నా, రంగు పోయిందంటే అంతా కార్బన్‌కు పట్టేసినట్టేనా?" కాదు. 660 నానోమీటర్ల దగ్గర థాలో రంగు తగ్గిందంటే అది ద్రావణంలో లేదని మాత్రమే అర్థం. కార్బన్‌కు అతుక్కుందో, స్ఫటికమై పొడిలో కలిసిందో ఆ కొలత చెప్పదు. ఆ రెండూ ఒకే ఫిల్టర్ మీద, ఒకే నల్లటి పొడిగా కనిపిస్తాయి.

ఇప్పటిదాకా: కార్బన్ 600 మి.గ్రా., థాలో 140 మి.గ్రా., డీఎమ్‌ఎఫ్ వ్యర్థం 420 మి.లీ., పనికొచ్చే పొడి 0. ('బి'ని లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆ మొటిమ నచ్చలేదు.)

దశ 3: వడపోత ముందు, కార్బన్ తర్వాత

ఇంతవరకూ కార్బన్‌నూ థాలోనూ ఒకేసారి వేసి సోనికేట్ చేస్తున్నాం. కరగని థాలో తునకలు కార్బన్‌లో కలిసిపోతే మళ్లీ ఎవరూ తీయలేరు. అందుకే వరస మార్చాం. థాలో పాలు కూడా 5 శాతానికి తగ్గించాం. ఈ పొడి 'సి'.

1. 10 మి.గ్రా. థాలోను 40 మి.లీ. డీఎమ్‌ఎఫ్‌లో, ఐసు బాత్‌లో సోనికేట్ చేయాలి.
2. 0.45 మైక్రాన్ టెఫ్లాన్ ఫిల్టర్‌తో వడకట్టాలి. ఫిల్టర్‌ను ముందూ వెనకా తూచాలి. మాకు 1.1 మి.గ్రా. మిగిలింది.
3. 200 మి.గ్రా. కార్బన్‌ను వేరుగా కొద్దిపాటి డీఎమ్‌ఎఫ్‌లో విడదీయాలి.
4. వడకట్టిన ద్రావణాన్ని బ్యూరెట్ నుంచి చుక్కలుగా, కలుపుతూ పోయాలి. రాత్రంతా గది ఉష్ణోగ్రతలో కలపాలి.
5. వడకట్టి, డీఎమ్‌ఎఫ్‌తో ఒకసారి, తర్వాత ఇథనాల్‌తో రంగు రానంతవరకూ కడగాలి.
6. వాక్యూమ్ ఓవెన్‌లో 60 డిగ్రీల దగ్గర రాత్రంతా.

రెండో మెట్టులో మొదట పీవీడీఎఫ్ ఫిల్టర్ పెడితే అది మెత్తబడి జిగురైంది. డీఎమ్‌ఎఫ్ దాన్ని కరిగిస్తుంది. సెల్యులోజ్ అసిటేట్‌దీ అదే గతి. టెఫ్లాన్ ఒక్కటే నిలబడింది. చేతి తొడుగుల సంగతీ అంతే: మామూలు నీలం నైట్రైల్ తొడుగుల్లోంచి డీఎమ్‌ఎఫ్ త్వరగా దిగుతుంది, చర్మం ద్వారా ఒంట్లోకి వెళ్లి కాలేయానికి హాని చేస్తుంది. బ్యూటైల్ రబ్బరు తొడుగులు కావాలి, పని ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి.

ఐదో మెట్టులో ఇథనాల్ ఎందుకంటే, డీఎమ్‌ఎఫ్ 153 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దాన్ని నేరుగా ఓవెన్‌లో పెడితే పోదు, కార్బన్ రంధ్రాల్లోనే ఉండిపోయి బరువు పెంచుతుంది. 'ఎ' పొడి బరువు వేసిన సరుకుల మొత్తం కంటే ఎక్కువ రావడానికి కారణం అదే.

ఇనుము లెక్క. పొడిని గాలిలో నిదానంగా వేడెక్కిస్తూ కాల్చి, బూడిదను ఆసిడ్‌లో కరిగించి ఐసీపీకి (లోహం ఎంతుందో కొలిచే పరికరం) పంపాం. త్వరగా వేడిచేస్తే థాలో కాలక ముందే ఆవిరైపోయే ప్రమాదం ఉంది. 'సి'కి ఫలితం 0.41 శాతం. ఫిల్టర్ మీద మిగిలింది తీసేసి లెక్కగడితే 0.42 రావాలి. రెండూ కలిశాయి. ఈ ప్రాజెక్టులో మొదటిసారి ఇనుమంతా ఎక్కడుందో మాకు తెలుసు.

ఎక్స్‌ఆర్‌డీలో 7 దగ్గర ఏమీ లేదు. హాఫ్‌వేవ్ 0.868. 'బి' కంటే 4 మిల్లీవోల్ట్‌లు తక్కువ, అయినా ఇదే మంచి పొడి. ఎందుకో ఇనుము బరువుతో భాగిస్తే తెలుస్తుంది. 0.9 వోల్ట్‌ల దగ్గర ఒక మిల్లీగ్రాము ఇనుముకు వచ్చిన గతిజ కరెంటు (ఆక్సిజన్ సరఫరా పరిమితి తీసేశాక ఉత్ప్రేరకం సొంత కరెంటు):

'ఎ' (ఇనుము 2.0%): 0.07 ఆంపియర్లు
'బి' (ఇనుము 0.71%): 0.83 ఆంపియర్లు
'సి' (ఇనుము 0.41%): 1.20 ఆంపియర్లు

'బి'లో అదనంగా ఉన్న ఇనుము జీతం తీసుకుంటూ పని చేయని బాపతు. హాఫ్‌వేవ్ ఒక్కటే చూసి పొడిని ఎంచుకుంటే ఈ సంగతి తెలియదు. చాలామంది అదొక్కటే రాసి వదిలేయడం నాకు చిరాకు.

ఇప్పటిదాకా: కార్బన్ 800 మి.గ్రా., థాలో 150 మి.గ్రా., డీఎమ్‌ఎఫ్ వ్యర్థం 500 మి.లీ., పనికొచ్చే పొడి 190 మి.గ్రా.

దశ 4: కార్బన్‌కు నైట్రిక్ ఆసిడ్

థాలో అణువు పలకలాంటిది, మధ్యలో ఇనుము. పైనా కిందా ఖాళీ. కార్బన్ ఉపరితలం మీద ఆక్సిజన్ సమూహాలుంటే వాటిలో ఒకటి కింది నుంచి ఇనుమును పట్టుకోవచ్చు. అప్పుడు పై నుంచి వచ్చే ఆక్సిజన్‌తో ఇనుము బంధం బలం మారుతుంది, అణువు కూడా జారిపోకుండా ఉంటుంది. అందుకని కార్బన్‌ను నైట్రిక్ ఆసిడ్‌లో 80 డిగ్రీల దగ్గర ఉంచి, కడిగి, ఆరబెట్టి, 'సి' పద్ధతే మళ్లీ చేశాం. ఇది 'డి'.

రసాయనం కంటే కడగడమే ఎక్కువ పని. వడకట్టిన నీళ్ల పీహెచ్ మామూలు నీళ్లకు సమానమయ్యేదాకా కడగాలి. బద్ధకిస్తే రెండు నష్టాలు. మిగిలిన ఆసిడ్ థాలోలోంచి ఇనుమును లాగేస్తుంది. అంతకంటే ముఖ్యం, నైట్రిక్ ఆసిడ్, ఇథనాల్ కలిస్తే పేలే ప్రమాదం ఉంది. ఆసిడ్ కడిగిన నీళ్లకూ ఇథనాల్ వ్యర్థానికీ వేర్వేరు డబ్బాలు, వేర్వేరు గదుల్లో పెట్టాం.

ఫలితం: ఇనుము 0.43 శాతం, హాఫ్‌వేవ్ 0.885, మిల్లీగ్రాముకు 2.5 ఆంపియర్లు. వేర్వేరు తిరుగుడు వేగాల గ్రాఫు వాలు నుంచి లెక్కగడితే ఎలక్ట్రాన్ల సంఖ్య 3.9. ఆసిడ్‌లో ఉంచిన ఉత్త కార్బన్‌ను కూడా విడిగా కొలిచాం. దాని అంకె మామూలు కార్బన్ దగ్గరే ఉంది, ఎలక్ట్రాన్లు రెండుకు దగ్గర. అంటే మెరుగుదల కార్బన్‌ది కాదు, ఇనుముదే.

ఇప్పటిదాకా: కార్బన్ 1,000 మి.గ్రా., థాలో 160 మి.గ్రా., డీఎమ్‌ఎఫ్ వ్యర్థం 580 మి.లీ., పనికొచ్చే పొడి 380 మి.గ్రా.

దశ 5: ఎంతకాలం నిలుస్తుంది

0.6 నుంచి 1.0 వోల్ట్ వరకు, సెకనుకు 50 మిల్లీవోల్ట్‌ల వేగంతో 5,000 చక్రాలు. ఒక్కో చక్రం 16 సెకన్లు, మొత్తం 22 గంటలు. కరెంటు పోతుందేమోనని టెన్షన్, యూపీఎస్ ముందే సరిచూసుకోవాలి.

'సి' 24 మిల్లీవోల్ట్‌లు కోల్పోయింది, 'డి' 18. క్షారంలో ఇది పనికొచ్చే స్థాయే. క్షార పరిస్థితిలో నడిచే, ఆనయాన్ పొర వాడే ఫ్యూయెల్ సెల్‌లో ప్రయత్నించవచ్చు.

0.5 మోలార్ సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో మాత్రం కథ వేరు. హాఫ్‌వేవ్ మొదటే 0.6 దగ్గర ఉంది, కొన్ని వందల చక్రాలకే కూలిపోయింది. ప్రోటాన్లు ఇనుమును తోసి దాని చోట్లో కూర్చుంటాయి. పైగా ఇక్కడ కొంత హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, బయటపడ్డ ఇనుము దానితో కలిసి రాడికల్స్ తయారుచేస్తుంది, అవి పక్కనున్న అణువులనూ పొరనూ కొరుకుతాయి. ఆసిడ్ స్వభావం గల నాఫియాన్ పొర ఉన్న మామూలు హైడ్రోజన్ సెల్‌కు ఈ పొడి పనికిరాదు. దీన్ని సరిచేయడానికి ప్రయత్నించలేదు, ప్రయత్నించం కూడా.

ఆసిడ్‌లో నిలిచే దారి ఒకటుంది. ముందు జింకు లేదా మెగ్నీషియంతో నత్రజని కార్బన్ చేసి, తర్వాత తక్కువ వేడిలో ఆ లోహం చోట్లోకి ఇనుమును ఎక్కించడం. కానీ ఆ మొదటి కార్బన్‌కు ఫర్నేసు కావాలి. తక్కువ ఉష్ణోగ్రత అని పేరున్న పద్ధతుల్లో చాలాసార్లు ఫర్నేసు ఎక్కడో ఒకచోట దాక్కునే ఉంటుంది. ఆ మాటకొస్తే మేము కొన్న కార్బన్ బ్లాక్ కూడా ఏదో ఫ్యాక్టరీలో భయంకరమైన వేడిలో పుట్టిందే.

దశ 6: గ్రాము చేయబోతే

చిన్న సెల్‌కు ఎలక్ట్రోడ్లు పూయాలంటే మిల్లీగ్రాములు చాలవు. అన్నీ ఐదింతలు చేశాం: నైట్రిక్ ఆసిడ్‌లో ఉంచిన కార్బన్ 1 గ్రాము, థాలో 50 మి.గ్రా., డీఎమ్‌ఎఫ్ 200 మి.లీ. పాళ్లు అవే. 7 డిగ్రీల మొటిమ తిరిగొచ్చింది. హాఫ్‌వేవ్ 0.871.

కారణం కలపడంలో ఉంది. పెద్ద బీకరులో మాగ్నెటిక్ బిళ్ల తిరుగుతోంది కానీ కార్బన్ అడుగున ముద్దగా కూర్చుంది. బ్యూరెట్ కింద చుక్క పడే చోట థాలో గాఢత పెరిగి, కార్బన్ అందక స్ఫటికమైంది. రెండు మార్పులు చేశాం:

1. బిళ్ల బదులు పైనుంచి తిరిగే మెకానికల్ స్టర్రర్, గుండ్రటి ఫ్లాస్కు.
2. ద్రావణం నిమిషానికి 2 మి.లీ. మించకుండా. 200 మి.లీ. పడటానికి 100 నిమిషాలు.

తర్వాతి పొడిలో మొటిమ లేదు. హాఫ్‌వేవ్ 0.883, ఇనుము 0.42 శాతం. డబ్బా పై పొర, మధ్య, అడుగు నుంచి తీసిన మూడు చిటికెలు ఐసీపీలో 0.41, 0.42, 0.42 ఇచ్చాయి.

ఇప్పటిదాకా: కార్బన్ 3,000 మి.గ్రా., థాలో 260 మి.గ్రా., డీఎమ్‌ఎఫ్ వ్యర్థం 1,380 మి.లీ., పనికొచ్చే పొడి 1,360 మి.గ్రా.

ఇప్పుడు ఎక్కడున్నాం

ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (బలమైన ఎక్స్-రేలు ఇచ్చే యంత్రం) ఎక్సాఫ్స్ కొలతకు దరఖాస్తు పెట్టాం. ఇనుము చుట్టూ ఏ పరమాణువులు ఎంత దూరంలో ఉన్నాయో అది చూపిస్తుంది. ఇనుము ఎక్స్-రేలను గట్టిగా పీల్చుకోవడం మొదలయ్యే అంచు 7112 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర ఉంటుంది. లోహ రేణువులుంటే ఫూరియే గ్రాఫులో 2.2 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఇనుము–ఇనుము శిఖరం వస్తుంది. లేకపోతే 1.5 దగ్గర ఇనుము–నత్రజని శిఖరమే ప్రధానంగా కనబడాలి.

అయితే ఆ కొలత మీద మాకు పెద్ద ఆశలేం లేవు. థాలో స్ఫటికంలో కూడా ప్రతి ఇనుమూ నాలుగు నత్రజనుల మధ్యే ఉంటుంది, పక్క అణువులోని ఇనుము దాదాపు 4.8 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో ఉంటుంది. అంటే దొంతరగా పేర్చుకున్న 'ఎ', విడివిడిగా పరుచుకున్న 'డి' రెండూ ఎక్సాఫ్స్‌లో ఇంచుమించు ఒకేలా కనిపించవచ్చు. లోహ రేణువులు లేవని అది నిరూపిస్తుంది, అణువులు ఒంటరిగా ఉన్నాయని నిరూపించదు. ఆ రెండో పని ఎక్స్‌ఆర్‌డీ, ఇనుము బరువుతో భాగించిన కరెంటు, వీలైతే పరమాణువులను తెల్ల చుక్కలుగా చూపించే హాడ్‌ఎఫ్ మైక్రోస్కోపు చేయాలి. అందుకే పంపే పెట్టెలో 'డి' ఒక్కటే కాకుండా 'ఎ', ఉత్త కార్బన్, కొన్న సీసాలోంచి తీసిన ఉత్త థాలో కూడా పెడుతున్నాం. ఆసిడ్‌లో కూలిపోయిన ఎలక్ట్రోడ్ మీద గీకిన పొడి కూడా పెట్టాలని ఉంది కానీ అది సరిపడేంత లేదు.